నేను రాసిచ్చిన కన్నడ అర్జీ

మేం బెంగళూరు మారతహళ్ళిలో ఫ్లాట్ కొనుక్కుని వచ్చేనాటికి మా అపార్ట్‌మెంట్ వెనక ఖాళీ స్థలంలో టార్పాలిన్లు కప్పిన గుడిసెలు ఉండేవి. వాటిలో ఉన్నవాళ్ళు బెంగాలీ మాట్లాడేవారు. చెత్త ఏరి అమ్ముకుని బతికేవారు. పొద్దున్నే మా అందరి ఇళ్ళ చెత్తా వాళ్ళే తీసుకుపోయేవారు.

వాళ్ళలో ఒకామె మా ఇంట్లో గిన్నెలు తోమేది. ముప్పై ఏళ్ళుంటాయి. నేను స్కూల్లో హిందీ టీచర్ని కాబట్టి నాతో హిందీలోనే మాట్లాడేది. పాత బెంగళూరు నగర్తపేటలో పుట్టి పెరిగిన మా అమ్మ దగ్గర మాత్రం తెలుగు నేర్చుకుంది. "అమ్మా, నీళ్ళు వచ్చిండాది" అని అచ్చం మా అమ్మ బెంగళూరు యాసలోనే వంటింట్లోంచి అరిస్తే, విని అమ్మ పడీపడీ నవ్వేది.

ఆ ఏడాది పేపర్లలో, టీవీల్లో, బస్సుల్లో ఒకటే గోల. బంగ్లాదేశ్ నుంచి దొంగచాటుగా వచ్చినవాళ్ళతో ఊరు నిండిపోయిందని, పోలీసులు ఏం చేస్తున్నారని. ఆ గోల మా అసోసియేషన్ మీటింగు దాకా వచ్చింది.

సెక్రటరీ విజయవాడ వైపు నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. బెంగళూరు వచ్చి మూడేళ్ళు. "ఇది సెక్యూరిటీ ఇష్యూ అండీ. ఇల్లీగల్‌గా వచ్చినవాళ్ళని వెనకాల పెట్టుకుని హాయిగా కూర్చున్నాం. పోలీస్ కంప్లైంట్ ఇచ్చేద్దాం" అన్నాడు.

మిలిటరీలో చేసి రిటైరైన ఒకాయన లేచాడు. "చట్టం అమలు చెయ్యొద్దని నేననను. కానీ వీళ్ళు ఆ దేశం వాళ్ళేనని మీకెవరు చెప్పారు? బెంగాలీ మన దేశంలోనూ మాట్లాడతారు కదా?"

"అయితే మీ ఇంట్లో పెట్టుకోండి సార్" అన్నారు వెనక నుంచి ఎవరో. అందరూ నవ్వారు. ఆయన కూర్చున్నాడు.

అర్జీ కన్నడంలో ఉండాలన్నారు. బయటివాళ్ళ మీద గంటసేపు మండిపడిన ఆ హాలు మొత్తంలో కన్నడం రాయడం నాకొక్కదానికే వచ్చు. "మేడమ్, మీరు లోకల్ కదా, ప్లీజ్" అన్నాడు సెక్రటరీ. మా తాత కాలం నుంచి ఈ ఊళ్ళో ఉన్నా, చదువుకునే రోజుల్లో నన్ను 'తెలుగోళ్ళ పిల్ల' అనే పక్కన పెట్టేవారు. లోకల్ అనిపించుకునేసరికి పొంగిపోయాను. రాసిచ్చాను. చాలా శ్రద్ధగా రాశాను. 'దేశ భద్రత' అన్న మాట ఎవరూ చెప్పలేదు, నేనే చేర్చాను. 'వీరెవరో మాకు తెలియదు' అన్న వాక్యమూ నాదే.

వారం తిరక్కుండానే ఒక పొద్దున రెండు వ్యాన్లు వచ్చాయి. మావాళ్ళు కాఫీ గ్లాసులు పట్టుకుని బాల్కనీల్లో నిలబడి చూశారు. పదకొండు మందిని ఎక్కించారు. మా పనామె, ఆమె భర్త కూడా అందులో ఉన్నారు. ఆమె తలెత్తి మా బాల్కనీ వైపు చూసి "దీదీ, వీళ్ళకు చెప్పు!" అని అరిచింది. పై అంతస్తులో ఎవరో చప్పట్లు కొట్టారు. నేను గభాలున లోపలికి వచ్చేశాను.

మా అమ్మ ఊరుకోలేదు. "దాక్కుంటావేమే? పోయి చెప్పు. ఆ పిల్ల మనింటి మనిషే కదా?"

వెళ్ళాను. స్టేషన్ వరండాలో నేల మీద కూర్చోబెట్టారు వాళ్ళని. ఆమె ఒళ్ళో ప్లాస్టిక్ కవరు, అందులో రేషన్ కార్డు, ఓటరు కార్డు. రెండూ పశ్చిమ బెంగాల్‌వే.

"ఇవి ఎవరైనా చేయించుకుంటారు మేడమ్" అన్నాడు ఇన్‌స్పెక్టర్ కన్నడంలో. "ఊరి నుంచి రాతపూర్వకంగా తెప్పించమనండి. లేదంటే రైలెక్కించి బార్డర్లో వదిలేస్తాం. మేమేం ఊరికే పట్టుకురాలేదు. మీ అపార్ట్‌మెంట్ వాళ్ళే ఇచ్చారు." అర్జీ తీసి నా ముందు పెట్టాడు. "ఎంత చక్కని కన్నడమో చూడండి. ఇలా రాసేవాళ్ళు ఇప్పుడెక్కడున్నారు?"

నేనే రాశానని చెప్పలేదు. "ఆమె మాకు బాగా తెలుసు సార్" అన్నాను. ఆయన మీద కాదు, నా మీద నాకే రోత పుట్టింది.

మిలిటరీ ఆయన, నేను నాలుగు రోజులు ఫోన్లు చేసి వాళ్ళ ఊళ్ళ పంచాయతీల నుంచి ఫ్యాక్సులు తెప్పించాం. ఆమెతో కలిపి తొమ్మిది మందిని వదిలారు. మిగిలిన ఇద్దరు అన్నదమ్ములు. వాళ్ళ తరఫున ఫోన్ ఎత్తేవాళ్ళు దొరకలేదు. రైలెక్కించారు. వాళ్ళు ఏ దేశం వాళ్ళో నాకిప్పటికీ తెలియదు.

ఈలోగా గుడిసెలన్నీ జేసీబీతో చదును చేశారు. తర్వాతి మీటింగులో స్వీట్లు పంచారు. పట్టుకెళ్ళినవాళ్ళలో ఎక్కువమంది మన దేశం వాళ్ళేనని తేలిందని చెప్పాను. "పోనీలెండి మేడమ్, ఎలాగూ ప్లేస్ క్లీన్ అయింది కదా" అన్నాడు సెక్రటరీ, లడ్డూ నములుతూ. నెయ్యి అంటిన అతని పెదాలు చూడలేక లేచి వచ్చేశాను. కింద గేటు పక్కన వారం చెత్త కుప్పపడి కంపు కొడుతోంది.

మా ఇంట్లో ఉండిపోయిన చీర తీసుకోవడానికి ఆమె ఒకసారి వచ్చింది. దాచలేకపోయాను. ఆ అర్జీ రాసింది నేనేనని చెప్పాను.

చీర సంచీలో పెట్టుకుంటూ అడిగింది. "అందులో నా పేరు రాశావా దీదీ?"

"లేదు. ఎవరి పేరూ రాయలేదు."

"రాసుంటే బాగుండేది. నా పేరు రాసేటప్పుడైనా నేను గుర్తొచ్చేదాన్ని."

మా అమ్మ కాళ్ళకు దండం పెట్టి వెళ్ళిపోయింది. ఊరవతల అత్తిబెలె దగ్గర ఫ్యాక్టరీలో ఆమెకు ఊడ్చే పని దొరికిందని తర్వాత మిలిటరీ ఆయన చెప్పాడు. ఆయనతో కలిసి మా అమ్మ ఒక ఆదివారం చూడ్డానికి వెళ్ళింది. నన్ను రమ్మని పిలవలేదు. తిరిగొచ్చాక ఎలా ఉందని అడిగాను.

"బాగుండాది" అని, చీర మార్చుకోవడానికి గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.