గరుడుడి ఎడమ రెక్క

నర్సీపట్నంలో నక్కపల్లి బస్సెక్కేసరికి సీట్లన్నీ నిండిపోయాయి. ఒక సీట్లో మాత్రం పాత పంచె చుట్టిన పెద్ద చెక్క రెక్క ఉంది. మా కోవెల గరుడ వాహనానికి కొత్తగా చెక్కిన ఎడమ రెక్కట. పక్కనున్న ముసలి వడ్రంగి చెప్పాడు.

నా మోకాళ్లు సలుపుతున్నా, దాన్ని తియ్యమనడానికి నోరు రాలేదు. ఆయనే రెక్కని భుజానికెత్తుకుని లేచాడు.

“కూకోండమ్మా.”

“అయ్యో, అపచారం! స్వామి వాహనం కదండీ!”

“వాహనమే కదమ్మా. మోసేవోడికి సీటేటి?” అని నవ్వాడు.

నక్కపల్లి దాకా, ప్రతి కుదుపుకీ రెక్కని గుండెకి హత్తుకుంటూ, నిలబడే వచ్చాడు.

గరుడసేవ నాడు అందరూ ముందు స్వామికి మొక్కుతారు. నేను ముందుగా ఆ ఎడమ రెక్కకి దణ్ణం పెట్టుకుంటాను. స్వామి ఏమీ అనుకోడు, నాకు తెలుసు.