కర్రి ముక్కులో జలగ

నా చిన్నప్పుడు గోగు కోతలయ్యాక నెల్లిమర్ల చుట్టుపక్కల ఏ ఊరికెళ్లినా ఒకటే కంపు. కట్టలు కట్టి గుంటల్లో నానేసిన గోగు కుళ్లితేనే గదా నార ఊడి వచ్చేది. మా మామ్మ, అంటే నాన్నను కన్నతల్లి, మోకాలి లోతు నీళ్లలో దిగి నార తీసేది. కాళ్లకు జలగలు పట్టేవి. వేళ్లకు బూడిద రాసుకుని వాటిని లాగి పారేసి మళ్లీ పనిలో పడేది. ఆవిడ వెంటే మా నల్లకుక్క కర్రి కూడా వెళ్లి ఆ నీళ్లే తాగేది.

ఒకరోజు కర్రి ఊరికే తల విదిలించుకోవడం మొదలుపెట్టింది. తుమ్మేది, మూతి నేలకేసి రాసేది. ఒక ముక్కులోంచి నెత్తురు కారేది. దగ్గరికెళ్తే నా మీదే గుర్రుమంది. పక్కింటి మావ దుడ్డుకర్ర పట్టుకొచ్చాడు.

"దీనికి పిచ్చెక్కినాది. పిల్లలున్న ఇల్లు. ఇయ్యాలే సంపేద్దాం," అన్నాడు. ఆయన చెడ్డవాడేం కాదు. పిచ్చికుక్క కరిచి ఆయన తమ్ముడు పోయాడు.

మామ్మ కర్రి ముక్కుకేసి చాలాసేపు చూసింది. "రేపొద్దున్నదాకా ఆగరా. పిచ్చి కాదు, జలగ. నీళ్లు తాగినప్పుడు దూరినాది," అని దాన్ని పాక రాటకు కట్టేసింది. ఆ తర్వాత చేసిన పని చూసి నాకు ఒళ్లు మండిపోయింది. కర్రి నీళ్ల కుండ బోర్లించేసి, చుక్క కూడా పెట్టొద్దని అందరికీ చెప్పింది. సాయంత్రానికి అది నాలుక వేలాడేసుకుని నా వంక చూస్తుంటే ఏడుపొచ్చింది. మామ్మతో మాట్లాడ్డం మానేశాను. ఆవిడ నన్ను పట్టించుకోకుండా, చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీలుస్తూ కర్రి పక్కనే కూర్చుంది.

తెల్లారాక మావ కర్రతోనే వచ్చి నిలబడ్డాడు. మామ్మ కర్రి మూతి ముందు చల్లటి నీళ్ల గిన్నె పెట్టి, తాగనివ్వకుండా మెడ పట్టుకుంది. కాసేపటికి, తడి లేక ఎండిన ముక్కులోంచి నీళ్ల కోసం నల్లగా ఏదో తొంగిచూసి లోపలికి పోయింది. మావ ముందుకు రాబోతే చేత్తోనే ఆపింది. అది మళ్లీ వచ్చి నీటివైపు సాగగానే, బూడిద రాసుకున్న వేళ్లతో పట్టుకుని, తెగకుండా నెమ్మదిగా లాగేసింది. వేలెడు జలగ. మావ కర్ర గోడకు ఆనించి, గిన్నెను తనే కర్రి ముందుకు జరిపాడు.

కర్రి అడుగుదాకా నాకేశాక మామ్మ నా వైపు తిరిగి, "ఒరే, నాకూ సెంబుడు నీళ్లట్టుకురా," అంది. ఎత్తిన చెంబు దించకుండా తాగింది. నిన్నటి నుంచి ఆవిడా గుక్కెడు ముట్టలేదని అప్పుడు మా అమ్మ చెప్పింది.

"నోరు లేనిదాన్ని ఎండగట్టి నానెలా తాగుతాన్రా," అంది మామ్మ, మూతి తుడుచుకుంటూ.

ఇప్పుడు మామ్మా లేదు, ఆ గుంటలూ పూడిపోయాయి. మా ఆవిడకు షుగరొచ్చి డాక్టరు తీపి మానిపించిన రోజు నుంచి నా టీలోనూ పంచదార లేదు. నాకే జబ్బూ లేదు. ఎందుకు మానేశారని ఆవిడ గుచ్చి గుచ్చి అడిగితే ఈమధ్యే కర్రి సంగతి చెప్పాను. "అయితే నేను కుక్కనన్నమాట," అని మూతి ముడిచింది. కాసేపటికి వంటింట్లోంచి రెండు గ్లాసులు తెచ్చి, చప్పటి టీ ముందు నాకే ఇచ్చింది.