బండి జడ్సన్ గారు చేసిన ప్రార్థన

దోహా తెలుగు క్రైస్తవ సంఘంలో జడ్సన్ గారంటే ఏ జడ్సన్ అని అడిగేవాళ్ళు ఉంటారు. బండి జడ్సన్ గారంటే మాత్రం ఎవరూ అడగరు. ఏసీ గొట్టాలు బిగించే కంపెనీలో ఆయన స్టోర్స్ ఇన్‌ఛార్జి. అది మామూలు రోజుల సంగతి. శుక్రవారం వచ్చిందంటే ఆయన అసలు ఉద్యోగం మొదలవుతుంది. ఇక్కడ సెలవు ఆ రోజే, ఆరాధనా ఆ రోజే. క్యాంపుల్లో ఉండే కుర్రాళ్ళనూ, విల్లాల్లో వంటపని చేసే అక్కచెల్లెళ్ళనూ తన ఏడు సీట్ల పాత బండిలో ఎక్కించుకుని, అబూ హమూర్‌లో చర్చిలన్నీ ఒక్కచోట ఉన్న ఆవరణకి చేర్చి, మళ్ళీ ఎవరి గేటు దగ్గర వాళ్ళను దింపుతాడు. పాట పాడితే పక్కవాళ్ళ శ్రుతి కూడా చెడుతుంది. వాక్యం చెప్పమంటే చెమటలు పడతాయి. "దేవుడు నాకు గొంతివ్వలేదండి, లైసెన్సిచ్చాడు" అని ఆయనే నవ్వుతూ అంటుంటాడు. ప్రార్థన ఒక్కటి మాత్రం బాగా చేస్తాడు. అది తండ్రి దగ్గర నుంచి వచ్చింది.

ఆ తండ్రి రాజోలు దగ్గర ఒక లంకలో, తాటాకు పాకలో చిన్న సంఘం నడిపేవాడు. ఏటి అవతల నుంచి గంగులమ్మ అనే ముసలావిడ పడవ మీద రావాలి. ఆవిడ గట్టెక్కేదాకా గంట కొట్టనిచ్చేవాడు కాదు. ఎండెక్కిపోతోందని జనం గొణిగితే, "ఆవిణ్ణి ఒదిలేసి మొదలెడితే అది ఆరాధన కాదురా, మన తొందర" అనేవాడు. ఈ కథ జడ్సన్ సంఘంలో అందరికీ చెప్పాడు. కొందరికి రెండుసార్లు చెప్పాడు. మంచి పేరు కూడా ఒక మత్తే. ఎక్కిందని తాగినవాడికి తెలియదు.

మరియం ఉమ్ సలాల్‌లో ఒక విల్లాలో వంట చేస్తుంది. ఊరు సఖినేటిపల్లి. ఆమెకి నెలకి ఒక్క శుక్రవారమే సెలవు. రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభువు బల్ల నెల మొదటి శుక్రవారం ఉంటుంది కాబట్టి, మేడమ్‌ని బతిమాలి ఆ రోజే అడిగి పెట్టుకుంది. జడ్సన్ కాపురం ఉండేది అల్ తుమామాలో. అక్కడి నుంచి చర్చి కూతవేటు దూరం. ఉమ్ సలాల్ ఊరికి ఉత్తరాన, అటు చివర. ఒక్క మనిషి కోసం ఊరంతా దాటి వెళ్ళి, మళ్ళీ ఊరంతా దాటి రావాలి. ఏళ్ళ తరబడి వెళ్ళాడు, విసుక్కోకుండానే వెళ్ళాడు. అది ఒప్పుకోవాలి.

జూన్‌లో మరియం తల్లి పోయింది. వెళ్ళే వీలు లేక తల్లిని సమాధిలో దింపడం కూడా ఫోన్‌లోనే చూసింది. పాస్టరుగారు ఆమెను ఓదార్చి, "జులై మొదటి శుక్రవారం మీ అమ్మగారి కోసం ఆదరణ ప్రార్థన పెడదామమ్మా. అందరం మీ చుట్టూ నిలబడతాం" అన్నారు. తల్లి నాట్లు వేస్తూ పాడుకునే పాట ఒకటి ఉందని, అది కూడా పాడించమని మరియం అడిగింది. నెలంతా ఆ ఒక్క పూట కోసమే ఎదురుచూసింది.

సరిగ్గా ఆ వారమే రాజమండ్రి నుంచి సైలస్ గారు వచ్చారు. పేరున్న ప్రసంగీకులు. సంఘంలో ఇంతమంది ఉండగా వచ్చి జడ్సన్ ఇంట్లోనే దిగారు. ఆ సంబరంలో జడ్సన్‌కి కాళ్ళు నేల మీద ఆనడం లేదు. శుక్రవారం ఉదయం ఇడ్లీ తింటూ సైలస్ గారు, "బ్రదర్, సముద్రం ఒడ్డున మేడలన్నీ వరసగా కనబడే చోటు ఉందంటగా. ఆరాధనకి ముందు ఒకసారి చూసి వెళ్దామా?" అన్నారు.

సముద్రానికి వెళ్తే దగ్గరి క్యాంపుల వాళ్ళను ఎక్కించుకోవచ్చు గానీ, ఉమ్ సలాల్ వెళ్ళే టైము ఉండదు. జడ్సన్ బండిని సముద్రం వైపే తిప్పాడు.

వెనక సీట్లో కూర్చున్న భార్య జయకుమారి, "ఏవండీ, మరియం ఎదురుచూస్తూ ఉంటుందేమో" అంది.

"ఆ వైపు నుంచి ఎవరో ఒకరు తీసుకొస్తార్లే" అన్నాడు.

ఆ వైపు నుంచి వచ్చేవాళ్ళు ఎవరూ లేరని సంఘంలో అందరికంటే బాగా తెలిసినవాడు ఆయనే. మరిచిపోయాడంటే కొంత నయం. మరిచిపోలేదు. సైలస్ గారి వెనక మేడలు పడేలా ఫోటో తీస్తున్నప్పుడు కూడా మరియం గుర్తుంది. ఎండలో చెయ్యి అడ్డం పెట్టుకుని రోడ్డు కేసి చూస్తున్నట్టుగా గుర్తుంది. "ఇంకొకటి తీయండి బ్రదర్" అంటే ఇంకొకటి తీశాడు.

చర్చి వరండాలో పాస్టరుగారు ఎదురొచ్చి, సైలస్ గారిని లోపలికి పంపి, "మరియంగారేరండీ?" అని అడిగారు.

"వెళ్ళానండి. గేటు దగ్గర ఎవరూ లేరు. సెలవు దొరకలేదేమో" అన్నాడు జడ్సన్. అంత తేలిగ్గా నోట్లోంచి వస్తుందని ఆయనే అనుకోలేదు. పక్కనే ఉన్న జయకుమారి ఒక్కసారి ఆయన కేసి చూసి లోపలికి వెళ్ళిపోయింది.

"పాపం. ఆమె లేకపోయినా ప్రార్థన మానొద్దు. మీరే చేయండి. ఆమె కష్టం మీకే బాగా తెలుసు" అన్నారు పాస్టరుగారు.

దొంగకి తేలు కుట్టినట్టయింది. కాదనడానికి ఏ కారణం చెప్పాలో తోచక, ప్రార్థన వేళకి లేచి నిలబడ్డాడు. "తండ్రీ, ఈ దినాన నీ సన్నిధికి రాలేకపోయిన మా సహోదరిని జ్ఞాపకం చేసుకో. తల్లిని పోగొట్టుకుని పరాయి దేశంలో ఒంటరిగా ఉన్న బిడ్డకి నీవే తోడుగా ఉండు..." మాటలు బ్రహ్మాండంగా వచ్చాయి. ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. ఎవరో ఫోన్‌లో రికార్డు కూడా చేశారు. కళ్ళు మూసుకున్న జడ్సన్‌కి దేవుడు కనబడలేదు, ఉమ్ సలాల్ గేటు కనబడింది.

తర్వాత ప్రభువు బల్ల. ఎవరి మనసు వాళ్ళు వెతుక్కోండి, ఎవరి విషయంలోనైనా తప్పు చేసి ఉంటే సరిచేసుకుని చెయ్యి చాపండి అని పాస్టరుగారు ఎప్పటిలాగే చెప్పారు. గిన్నెల పళ్ళెం పట్టుకుని వరస వరసకీ తిరిగేది జడ్సనే. తను తీసుకోకుండా వదిలేస్తే బాగుంటుందనిపించింది. కానీ సంఘపెద్ద గిన్నె వదిలేశాడంటే సాయంత్రానికి ఆ కబురు రాజోలు చేరుతుంది. తీసుకుని తాగాడు. 

సాయంత్రం మరియం ఫోన్ చేసింది. ఆమె ఫోన్‌లో బ్యాలెన్స్ ఎప్పుడూ ఉండదు. విల్లాలో వైఫై తగిలే చోట నిలబడి వాట్సాప్‌లో చేయాల్సిందే. ఆ వైఫై గేటు దాకా రాదు. ఆమె ఏదో అనబోయే లోపే జడ్సన్, "వచ్చానమ్మా, గేటు దగ్గర నువ్వు కనబడలేదు" అనేశాడు.



"అలాగాండి అన్నయ్యగారూ" అంది మరియం. "నేను ఫోన్ సేద్దామని లోపలికెల్లినప్పుడు వచ్చుంటారండి. పొరపాటు నాదేనండి. మీకు శ్రమిచ్చాను, ఏవనుకోకండి."

ఆమె తిట్టినా బాగుండేది. నాలుగు మాటలు పడితే కాస్త బరువు దిగేది. "ఫర్వాలేదమ్మా" అన్నాడు జడ్సన్. ఆ మాట అన్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

ఆ నెల ఆయనకి ఏ పనీ సరిగా సాగలేదు. వారం మధ్య కూడికలో ఎవరో లేచి, సేవ అంటే మన జడ్సన్ గారిలా చేయాలి అంటే, గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకున్నాడు. ఇంట్లో రోజూ భోజనాలయ్యాక కుటుంబ ప్రార్థన ఉంటుంది. ఆయన ప్రార్థిస్తే భార్యా, కూతురు మోనికా ఆమేన్ అంటారు. ఇప్పుడు మోనికా గొంతు ఒక్కటే వినబడుతోంది. ఒకరోజు ఉండబట్టలేక, "ఆమేన్ అనవేం?" అని భార్యని అడిగాడు.

"నిజమైతే అంటానండి" అని జయకుమారి కంచాలు తీసుకుని వంటగదిలోకి వెళ్ళిపోయింది.

ఆగస్టు మొదటి శుక్రవారం జడ్సన్ మామూలు కంటే చాలా ముందు బయల్దేరాడు. నేనూ వస్తానని జయకుమారి కూడా ఎక్కింది. ఈసారి మరియం రాకముందే తను వెళ్ళి గేటు దగ్గర కాచుకుని ఉండాలి, అంతకంటే ఇంకేం చేయగలను అనుకున్నాడు. తీరా వెళ్ళేసరికి ఆమె అప్పటికే అక్కడ ఉంది. గోడ పక్కన జానెడు నీడలో చున్నీ తల మీద కప్పుకుని నిలబడి ఉంది. మొహమంతా కందిపోయింది.

ఆ ఇంటి డ్రైవర్ నర్సింగ్ గేటు దగ్గర బండి కడుగుతున్నాడు. కరీంనగర్ వైపు మనిషి. జడ్సన్ దిగగానే గొట్టం పక్కన పడేసి వచ్చాడు. "ఏందన్నా, గింత ఎండల ఈ అక్కను నిలవెడుతున్నరు? పొద్దుగాల్నుంచి ఈన్నే ఉన్నది. పోయిన నెల గూడ గిట్లనే. లోపటికి వచ్చి నీళ్ళు తాగిపో అక్కా అంటే కదల్లె. నేను లోపటికి పోంగనే అన్న వచ్చి పోతడు అన్నది. మధ్యానం దాంక గీ గోడకాన్నే నిలవడ్డది."

 మరియం తల వంచుకుని బండెక్కి జయకుమారి పక్కన కూర్చుంది. 

"అయితే పోయిన నెల నువ్వు లోపలికి వెళ్ళనే లేదా మరియం?" అన్నాడు జడ్సన్, పెద్ద రోడ్డెక్కాక.

"లేదండి."

"నేను రాలేదని నీకు తెలుసు."

"ఆయ్, తెలుసండి."

"మరి పొరపాటు నీదని ఎందుకన్నావమ్మా?"

 "మీ అబద్ధం నాకు తెలిసిందని మీకు తెలిత్తే సిగ్గేసేదండి. సిగ్గేసినోళ్ళు మొకం సాటేత్తారండి. మీరు మొకం సాటేత్తే నన్ను గుడికి తీసుకెళ్ళేవోళ్ళు ఎవరున్నారండి? అందుకని తప్పు నా నెత్తినేసుకున్నాను."

ఇన్ని రోజులూ ఆమెది మంచితనం అనుకున్నాడు. ఆ మంచితనం ముందు తను చిన్నబోతున్నానని కూడా అనుకున్నాడు. అది మంచితనం కాదు, భయం. తన బండి కోసం, అందరూ తనను పొగిడే ఆ సేవ కోసం, ఒక మనిషి తన ముందు అబద్ధమాడి క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది. జడ్సన్ బండిని రోడ్డు పక్కకి తీసి ఆపాడు. సైలస్ గారి సంగతీ, సముద్రం సంగతీ, ఫోటోల సంగతీ అంతా చెప్పాడు. "నన్ను క్షమించమ్మా" అన్నాడు.

"సరేలెండి" అంది మరియం. "గానండి, మా అమ్మ కోసం పెట్టిన ప్రార్థన నేను లేకుండా అయిపోయింది. మీ ప్రార్థన గ్రూపులో పెడితే ఇన్నాను. రాలేకపోయిన సహోదరి అన్నారు. అది మళ్ళీ సేయించండి, నేనున్నప్పుడు."

"మళ్ళీ ఎందుకని పాస్టరుగారు అడుగుతారు. అందరి ముందూ చెప్పాల్సొస్తుంది..."

"అబద్ధం అందరి ముందే సెప్పారు కదండీ" అంది మరియం. గొంతు పెంచలేదు. జయకుమారి ఆమె చెయ్యి పట్టుకుంది గానీ భర్త తరఫున ఒక్క మాట కూడా అనలేదు.

ఆ రోజు పాటలయ్యాక జడ్సన్ వెళ్ళి పాస్టరుగారి చెవిలో ఏదో చెప్పాడు. ఆయన ఆశ్చర్యంగా చూసి పక్కకి తప్పుకున్నారు. మరియంని ముందుకి పిలిచి, ఆడవాళ్ళందరూ ఆమె చుట్టూ నిలబడ్డారు. జడ్సన్ కళ్ళు మూసుకున్నాడు. ఎప్పుడూ వరదలా వచ్చే మాటలు ఆ రోజు ఒక్కొక్కటీ పెగల్చుకుని రావాల్సి వచ్చింది.

"తండ్రీ, పోయిన నెల ఇక్కడే నిలబడి నీతో అబద్ధం చెప్పాను. ఈమె రాలేకపోలేదు. నేను తీసుకురాలేదు. ఎండలో గేటు దగ్గర నిలబడి ఉంటుందని తెలిసే వెళ్ళలేదు. తల్లి కోసం ఏడ్చుకోవడానికి ఈమెకి ఉన్న ఒక్క పూట నేను తీసేసుకున్నాను..."

ప్రార్థన అక్కడే ఆగిపోయింది.  తమ వంతు కోసం బయట కాచుకున్న ఫిలిప్పీన్స్ వాళ్ళ గిటారు ఒక్కటే వినబడుతోంది. అప్పుడు ఆడవాళ్ళ మధ్య నుంచి జయకుమారి ఆమేన్ అంది. తర్వాత మరియం తల్లి పాట ఎత్తుకుంది. మొదటి చరణం ఒక్కతే పాడింది. రెండో చరణానికి మిగతావాళ్ళు అందుకున్నారు. ప్రభువు బల్ల దగ్గర జడ్సన్ పళ్ళెం వేరొకరికి అందించి వెనక వరసలో కూర్చున్నాడు. ఆ నెల గిన్నె తీసుకోలేదు. చూసినవాళ్ళు చూశారు.

మధ్యాహ్నం మరియంని ఉమ్ సలాల్‌లో దింపారు. ఆమె గేటు తోసి, లోపలికి వెళ్ళకుండా మళ్ళీ వెనక్కి వచ్చి బండి అద్దం దగ్గర వంగింది.

"అన్నయ్యగారూ, వచ్చే నెల వత్తారా?"

"వస్తానమ్మా."

సరేనని తలాడించింది. అయినా నమ్మిందో లేదో ఆ మొహంలో ఆయనకి తెలియలేదు. ఇన్నేళ్ళుగా ఎక్కించుకుంటున్నాడు, దింపుతున్నాడు. ఆ మాట మరియం ఇంతకు ముందు ఎప్పుడూ అడగలేదు.