ఒక పక్కే విరిచిన ముల్లు

చైత్రంలో మేం చేసుకునే వేట పండగ, ఇటుకల పండగ రెండో రోజు, బుధవారం, నీడ పాదాల కిందికి వచ్చిన వేళ అది జరిగింది. గడియారం చూడడం అప్పటికి నాకు రాదు, అక్షరాలైతే యాభై దాటాక వయోజనుల బడిలో నేర్చుకున్నాను. అయినా ఆ వేళ మాత్రం తప్పు చెప్పను. ఇన్నేళ్ళూ దాచిన మాట ఇప్పుడు రాయడానికి కారణం ఫోన్లో వచ్చిన ఒక ఫోటో. విశాఖపట్నంలో ఉద్యోగం చేసే నా మనవరాలు మొన్న స్నేహితురాళ్ళతో పడవెక్కి సముద్రంలో గాలం వేసిందట, పడిన జెల్ల చేపను ఉత్త చేత్తో పట్టుకోబోతే ముల్లు దిగిందట. ఫోటోలో దాని చెయ్యి ఆవిరొచ్చే బకెట్టులో ఉంది. "గట్టుకి రాగానే పడవాయన వేన్నీళ్ళలో పెట్టించాడు అమ్మమ్మా, గంటకి నొప్పి దిగిపోయింది" అంది. అంటే ఆ రోజు మా మామ్మ చేసింది సరైన పనే.

మా ఊరు అనంతగిరి కొండల్లో. చైత్రం వస్తే ఇప్పపూల మత్తు వాసన, పిందె మామిడి పులుపు, కొత్త చింతచిగురు వేసి వండిన ఎండుచేపల పులుసు, డప్పుల మోత, ఇవన్నీ కలిసి ఒకటే పండగ. మగవాళ్ళు విల్లులూ బల్లేలూ పట్టుకుని వేటకు పోయేవాళ్ళు. ఉత్త చేతులతో తిరిగొచ్చిన వాడి మీద ఆడవాళ్ళు పేడనీళ్ళు కుమ్మరించి, వాడి వంశాన్నంతా వెక్కిరించేవాళ్ళు. వాళ్ళు అడవిలో ఉన్నంతసేపూ మా ఊళ్ళో ఎవరూ నిప్పు రాజేయకూడదు. పొగ లేస్తే మృగం వేటగాడి మీద తిరగబడుతుందని నమ్మకం. అందుకే తెల్లవారకముందే కాచుకున్న చోడి అంబలి సొరబుర్రల్లో పోసుకుని, మేం గెడ్డలో, అంటే కొండవాగులో, చేపలకు పోయేవాళ్ళం.

ఎండలకి గెడ్డ పారడం ఆగి మడుగులు మిగిలేవి. మడుగు నీళ్ళు తోడి పోస్తుంటే అడుగున బురద కదిలేది, ఆ బురదలో నల్లగా, మీసాలతో, పాములా జారుతూ ఇంగిలాయి చేపలు. వాటి రెండు చెంపల పక్కనా చెరొక ముల్లు, రెండింటిలోనూ విషమే. చచ్చిన చేప ముల్లు గుచ్చుకున్నా అంతే బాధ. అందుకని ఎవరూ చేత్తో తీసేవాళ్ళు కాదు. బుట్టతో బండ మీదికి తోడి, పంగల కర్రతో తల నొక్కి, రాయితో రెండు ముళ్ళూ విరిచి, విరిగిన ముక్కలు ఎవరి కాలికీ తగలకుండా గోతిలో కప్పాకే చేతికి అందించాలి. ఆ ఏడు విరిచే పని నాకిచ్చారు. నాకు తొమ్మిదేళ్ళు. గొప్పగా ఉంది.

"ఓలే గుంటా, బేగి కానీ! మీ నాన్న పెళ్ళికి పిలిసినట్టు తీరిగ్గా సేత్తన్నావేటి?" అని పక్కింటి దాసమ్మ నవ్వింది. నాకు రోషం వచ్చింది. ఒక చేపకి ఒక పక్క ముల్లే విరిచి, రెండో పక్క చూడకుండా చిన్నమ్మ చేతిలో పెట్టాను. చిన్నమ్మ మా చిన్నాన్న భార్య, పెళ్ళై ఏడాది. నేనిచ్చిన చేప కాబట్టి చూడకుండానే గుప్పిట పట్టింది. ముల్లు అరచేతిలో దిగిపోయింది.

ముందు అరిచింది, తర్వాత అరవడం కూడా మానేసింది. చెయ్యి మోచేతి దాకా పొంగింది, వాంతి చేసుకుని బండ మీద ఒరిగిపోయింది. "ముళ్ళు ఇరిసేవా లేదా?" అని అమ్మ నా జుట్టు పట్టుకుంది. "ఇరిసేను" అన్నాను. చిన్నమ్మ కళ్ళు తెరిచి నా వైపు చూసి, "దాన్నేటి అంటావప్పా. నేనే బురదలోంచి తీసేసేను" అంది.

మామ్మ చెకుముకి రాయి తీసింది.

"నిప్పు ముట్టించేవంటే నా మొగుడి పేణానికి నీదే పూచీ, అత్తా!" అని దాసమ్మ అడ్డం పడింది.

"నీ మొగుడికి కాళ్ళున్నాయి, పారిపోతాడు. దీని సెయ్యి ఎక్కడికి పారిపోద్దే?"

మామ్మ కుండలో నీళ్ళు కాచి, తన వేలు ముంచి, ఓర్చుకోగలిగినంత వేడి చూసుకుని చిన్నమ్మ చెయ్యి పెట్టించింది. చల్లారితే మళ్ళీ కాచింది. ఎండ వాలేసరికి చిన్నమ్మ లేచి కూర్చుంది.

పొద్దు గుంకే వేళకి వేట తిరిగొచ్చింది. చిన్నాన్నను డోలీలో మోసుకొచ్చారు. ఎలుగు భుజం చీల్చేసింది. గెడ్డ వైపు పొగ చూశామన్నారు మగవాళ్ళు. నిప్పు పెట్టింది తనేనని మామ్మ ఊరందరి ముందూ చెప్పింది, ముసలిదాన్ని ఎవరేం చేస్తారు? అంతా చిన్నమ్మ నెత్తినే పడింది. చిన్నాన్న బతికాడు, విల్లు మాత్రం ఎత్తలేకపోయాడు. చిన్నమ్మ వడ్డించిన కూడు ముట్టడం మానేశాడు. వానలు పడేలోగా ఆమెను కొండకవతల పుట్టింటికి పంపేశారు. మూట నెత్తిన పెట్టుకుని పోతూ నా దగ్గర ఆగి, నాకొక్కదానికే వినపడేలా, "రెండు పక్కలా ఇరవాల, మంగ్లీ" అంది. ఆ రోజైనా నోరు విప్పి ఉంటే ఆమె కాపురం నిలబడేదేమో. విప్పలేదు. దెబ్బలకి భయపడ్డాను, తర్వాత సిగ్గుకి భయపడ్డాను. ఆమె చనిపోయిందని కబురొచ్చినా వెళ్ళలేదు.

ఇప్పుడు ఆ మడుగు లేదు, సిమెంటు గట్టు కట్టారు, దాని కింద యాత్రికులు పారేసిన సీసాలు. సంతలో ఐసు పెట్టెల చేపలే కొంటున్నాం. పంగల కర్ర పట్టడం మా ఇంట్లో ఏ పిల్లకీ తెలియదు. వేట పేరుకే మిగిలింది. పండగ నాడు ఇంటింటా గ్యాసు పొయ్యి వెలుగుతూనే ఉంటుంది, ఎవరి మీదా ఏ ఎలుగూ పడలేదు.

ఆ బుధవారం మడుగు దగ్గర ఉన్నది ఐదుగురం. నిప్పు పెట్టిన మా మామ్మ గురుబారి. నా మాట నమ్మిన మా అమ్మ లచ్చిమి. అడ్డం పడిన దాసమ్మ. నా తప్పు తన మీద వేసుకున్న చిన్నమ్మ సుక్రి. ఆ చేప అందించిన నేను, మంగ్లిని.