కల్లు తాగిన మడ్‌గార్డులు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం లోకంలో ఒకటుందని ఎవరైనా అంటే వాళ్ల మీద జాలిపడేవాణ్ని. జగిత్యాలలో ఐటీఐ పూర్తిచేసి, చేతిలో సర్టిఫికెట్టుతో, జేబులో డైరీతో కథలాపూర్ దగ్గర మా మేనమామ ఊరికి వెళ్లాను. మామ సిరిసిల్ల వైపు నుంచి పాత ట్రాక్టర్ కొనుక్కొచ్చాడు. ఇంజను మంచిదే కాని, వెనక చక్రాల మీది మడ్‌గార్డులు రెండూ తుప్పుపట్టి, ముట్టుకుంటే పెచ్చులు రాలుతున్నాయి. "దసరా నాటికి గీ తుప్పు వదిలిస్తే, జమ్మి కాడికి ట్రాక్టర్ నువ్వే నడుపుదువు అల్లుడా" అన్నాడు. ఊరంతా చూస్తుండగా స్టీరింగ్ నా చేతిలో! ఇంక నాకు నిద్ర పడితే ఒట్టు.

కోరుట్ల షెడ్డువాళ్లు గీకి రంగు వేస్తామన్నారు. నేను ఒప్పుకోలేదు. పులుపు తుప్పును తింటుందని చదువుకున్నవాణ్ని. గౌడన్న దగ్గర అమ్ముడుపోక పులిసిన కల్లు కుండల్లో ఉంది. మడ్‌గార్డులు విప్పి, గోనెసంచులు కల్లులో ముంచి చుట్టబెట్టాను. "తాగేటోళ్లను మస్తుమందిని జూసిన గని, ఇనుముకు కల్లు తాపేటోన్ని నిన్నే జూస్తున్న" అన్నాడు గౌడన్న. వాసనకు దారినపోయేవాళ్లు వాకిట్లోకి తొంగిచూసి సీసా ఎంత అని అడిగేవారు. (అత్త నాతో మాట్లాడడం మానేసింది, అన్నం మాత్రం పెట్టింది.)

పండుగ ముందు రోజు సాయంత్రం సంచులు విప్పి ఇటుకపొడితో రుద్దితే, అచ్చం వెండి! నీళ్లతో కడిగి, బిగించి, ఆరుబయటే వదిలేశాను. "రంగు పండుగైనంక ఏద్దాం మామా, రేపు గిట్లనే మెరవాలె" అన్నాను. డైరీలో 'తుప్పు సమస్య శాశ్వతంగా పరిష్కారమైంది' అని రాసి కింద గీత కూడా గీశాను.

పూతలేని ఇనుము తడితో మంచులో పడుకుంటే ఏమవుతుందో నాకూ తెలియదు, డైరీకీ తెలియదు. తెల్లారేసరికి రెండూ ఎర్రబారాయి. "పూజ గాకముందే కుంకుమ ఎవలు వెట్టిన్రురా?" అన్నాడు మామ. నేను తడబడలేదు. వంటింట్లోంచి పల్లినూనె తెచ్చి దట్టంగా రాశాను. ఎరుపు తళతళలాడింది. "గిది రాగి మెరుపు మామా" అన్నాను. పండుగపూట మాట పెంచడమెందుకని కాబోలు, నమ్మాడు.

సాయంత్రం స్టీరింగ్ పట్టి కూర్చున్నాను. కొత్త తెల్ల దోతి కట్టుకున్న మామ పక్కనే మడ్‌గార్డు మీద దర్జాగా కూర్చున్నాడు. జమ్మి దగ్గర ఆపాను. మామ దిగి, జమ్మి ఆకు చేతిలో పెడుతూ అందరినీ కౌగిలించుకుంటూ ముందుకు సాగాడు. వెనక నవ్వులు మొదలయ్యాయి. చివరికి గౌడన్న అన్నాడు: "పటేలా, పొద్దు గుట్టల్ల మునుగుతదనుకున్న గని, నీ ఎన్కనే మునుగుతున్నది!"

మామ దోతి వెనకభాగం లాగి చూసుకున్నాడు. గుండ్రంగా, ఎర్రగా, నిజంగానే పొద్దు. కేకలు వేస్తాడనుకున్నాను. నెమ్మదిగా వచ్చి, "దిగు" అన్నాడు. దిగాను. తాను స్టీరింగ్ ముందు కూర్చుని మరక దాచుకుని, మడ్‌గార్డు చూపించాడు. "నీ రాగి మీద నువ్వే కూసో అల్లుడా."

నాదీ కొత్త తెల్ల ప్యాంటే. కూర్చున్నాను.

రంగు వేసిన తరువాతే స్టీరింగ్ మళ్లీ దొరికింది. ఆ దోతి చిరిగేదాకా దానితోనే ట్రాక్టర్ తుడిచాను. ఇప్పుడు మామ లేడు. తెల్లబట్టలతో ఎక్కడ కూర్చోవలసి వచ్చినా ముందు ఒకసారి వేలితో రాసి చూసుకుంటాను. తాతకు శుభ్రం ఎక్కువని మనవరాలు అందరికీ గొప్పగా చెబుతుంది. నేను కాదనను.