శుక్రవారం చుక్కలు

2022లో వానలు మొదలైన రోజులు. తట్టాంచావడిలో మురుకులు చేసే చిన్న ఫ్యాక్టరీ యజమాని గోవిందరాజులు అన్న నన్ను పిలిపించాడు. శనివారాల్లో మేమిద్దరం ఒకే భజన గోష్ఠిలో కూర్చుంటాం. ఆహార కంపెనీల ల్యాబ్ లెక్కలను సాఫ్ట్‌వేర్‌లో పెట్టి చార్టులుగా గీసివ్వడం నా వృత్తి.

"ప్యాకెట్లు మెత్తబడి వెనక్కొస్తాండాయి తంబీ. సీలింగ్ మిషన్ కాడ ఇద్దరుండారు. ఎవురి తప్పో బొమ్మ గీసి చూపించు. ఆ మనిషిని మాన్పించేస్తా."

ప్రతి బ్యాచ్‌కీ ల్యాబ్ మాయిశ్చర్, అంటే తేమ శాతం, నమోదు చేస్తుంది. పవర్ బీఐ అనే సాఫ్ట్‌వేర్‌లో ఇద్దరి పేర్ల మీద బార్ చార్టు గీశాను. ధనలక్ష్మి అక్క బార్ ఎత్తుగా లేచింది. అన్న తెర మీద వేలు పెట్టి, "చాలు. నెలాఖరుకు ఈమెను పంపించేస్తా" అన్నాడు.

గుమ్మం దగ్గర ధనలక్ష్మి అక్క నన్ను ఆపింది.

"అంత పొడుగుండాదే, అది నా బొమ్మేనా?"

"తేమ లెక్క అక్కా."

"నిలబడితే మిషనంత ఎత్తు కూడా లేను. బొమ్మలో బాగా పెంచినావు పో." నవ్వింది. వెంటనే గొంతు తగ్గించింది. "ఇంట్లో నా జీతమొకటే తంబీ. ఇంకోసారి చూడు."

ఆ సాయంత్రం దీపం ముందు కూర్చున్నా నామం నోట నిలవలేదు. అంకెల్లో అబద్ధం లేదు. మరి నేను పలికింది సాక్ష్యమా, అభాండమా? జపమాల పక్కన పెట్టి లాప్‌టాప్ తెరిచాను.

బార్ చూపేది సగటును. అందులో రోజులన్నీ కలిసిపోతాయి. అందుకని స్కాటర్ ప్లాట్ వేశాను. అందులో ఒక్కో బ్యాచ్ ఒక్కో చుక్క. వాటిని సోమవారం, మంగళవారం అంటూ రోజుల వారీగా విడదీశాను. పైకి ఎగిరిన చుక్కలన్నీ శుక్రవారం గడిలోనే ఉన్నాయి. మిగతా రోజుల్లో ఇద్దరూ సమానమే. రెండో ఆమెకు వారపు సెలవు శుక్రవారం. ఆ రోజు పనంతా ధనలక్ష్మి అక్కదే.

శుక్రవారం పొద్దున్నే వెళ్ళాను. పూజ కోసం ప్యాకింగ్ గదిని బకెట్లతో కడిగి, ముగ్గు వేసి, హారతిచ్చి, తలుపులు మూసి పని మొదలుపెట్టారు. తడి నేల మీద, తెరిచిన ట్రేలలో మురుకులు. గాలిలో తేమను కొలిచే మీటరు ముల్లు ఎక్కడో పైన నిలిచింది.

అన్నకు శుక్రవారం చుక్కలు చూపించి, ఈ తడి సంగతి చెప్పాను.

"లక్ష్మీపూజ చేస్తే మురుకు మెత్తబడతాదా? గోష్ఠిలో ముందు నామం ఎత్తేవాడివి, నువ్వా ఈ మాట అనేది?"

"పూజ వల్ల కాదన్నా, నీళ్ళ వల్ల. గురువారం ప్యాకింగ్ అయినాక కడిగించు. తెల్లారేసరికి ఆరిపోతాది. పూజ మామూలే."

"మా అమ్మ కాలం నించీ శుక్రవారమే కడగతాండాము. ఇంక పో."

ఆ శనివారం అన్న నాకు దూరంగా కూర్చున్నాడు. తాళం రెండుసార్లు తప్పాను. దైవకార్యంలో తప్పుపట్టిన పాపం ఒకవైపు, ఒక మనిషి కూడు పోగొట్టే పాపం ఇంకోవైపు. ఏది బరువో తేలలేదు.

గురువారం సాయంత్రం ధనలక్ష్మి అక్క ఫోన్ చేసింది.

"ఈడ కడగతాండాము తంబీ. అన్నే చీపురు పట్టినాడు. నన్నేమో, 'నువ్వు రేపు మిషన్ కాడుండాల, పొయ్యి పడుకో' అన్నాడు."

తర్వాతి వారాల్లో శుక్రవారం చుక్కలు కిందికి దిగాయి. ఎవరు అని అడిగితే సాఫ్ట్‌వేర్ ఎవరో ఒకరి పేరు చూపిస్తుంది. అందుకే ఇప్పుడు ఎప్పుడు, ఎక్కడ అన్నవి చూశాకే పేర్ల దగ్గరికి వెళ్తున్నాను. అయినా, అంతకుముందు ఎన్ని ఫ్యాక్టరీలకు పేర్ల మీద బార్లు గీసిచ్చానో తలచుకుంటే జపం మధ్యలో లెక్క తప్పుతుంది.