మోకాళ్లూనిన ఎర్ర బండి

నడిచే కాళ్లకూ తిరిగే చక్రాలకూ దారి చూపే దేవునికి స్తోత్రం. అడిగిన వెంటనే ఇచ్చినప్పుడూ, అడిగాక చాలా రోజులు ఎదురుచూడనిచ్చినప్పుడూ ఆయనకు స్తోత్రం. ఇది రాస్తున్నప్పుడు కూడా నా మనసు కుదురుగా లేదు. అయినా ముందు స్తుతి, తరువాతే సంగతి. మా ఇంట్లో నేర్చుకున్న వరుస అది.

మా అన్నకు ఒక ఎర్ర బండి ఉంది. రెండే తలుపులు, నేలను రాసుకుంటూ పోయేంత కింద కూర్చునే ఒళ్లు. పాతదే, కానీ పరుగు కోసం పుట్టిన కారు. హైదరాబాద్‌లో ఒకాయన అమ్ముతుంటే మోజుపడి కొన్నాడు. సంఘపెద్దకు రేసు కారెందుకని నిజామాబాద్‌లో మా సంఘమంతా నవ్వింది. అన్న ఆ కారులోనే సంఘం పని చేసి వాళ్ల నోళ్లు మూయించాడు. ఊరూరా జరిగే కూడికలకు స్పీకర్లు, ఆంప్లిఫయర్, బరువైన బ్యాటరీ అన్నీ ఏళ్ల తరబడి దాని డిక్కీలోనే కాపురమున్నాయి. కిందటి ఎండాకాలం సంఘం సామాన్ల కోసం ట్రాలీ ఆటో కొన్నాక బండికి ఆ చాకిరీ తప్పింది.

ఆ తరువాతే మా సండేస్కూల్ పిల్లలు దానికో పేరు పెట్టారు. వెనక లేచి, ముందు వంగి నిలబడుతుందని "మోకాళ్లూనిన బండి" అన్నారు. సండేస్కూల్ చెప్పేది నేనే. ఆ పేరు నాకెంత నచ్చిందంటే, వినయం గురించిన పాఠంలో ఆ బండినే చూపించాను.

అదే రోజుల్లో ఆ బండి పెద్ద రోడ్డు మీద కుదురు తప్పింది. ఊళ్లో బాగానే ఉండేది. హైదరాబాద్ హైవే ఎక్కి వేగం పెంచితే చాలు, కాసేపు ఎడమకు, కాసేపు కుడికి జరిగేది. స్టీరింగ్ సర్దుతూనే ఉండాలి. ఒకసారి డిచ్‌పల్లి దాటాక పక్కనున్న లారీ వైపు జరిగిందట. అన్న ఇంటికొచ్చి తాళం చెవి మేకుకు తగిలించాడు.

"నేనిగ నడప" అన్నాడు.

"బండి ఖరాబైతే మెకానిక్‌కు చూపియ్యాలె గని, నడప అంటవేంది?" అంది వదిన.

"బండి ఖరాబు కాలే. చేతులు ఖరాబైనయి."

వదిన చేతిలోని చాట అలాగే ఆగిపోయింది. చివరి రోజుల్లో మా బాపుకు చేతులు వణికేవి. చర్చిలో ప్రభువు బల్ల దగ్గర ద్రాక్షరసం పోసి ఇచ్చే చిన్న గిన్నెను పెదవుల దాకా తెచ్చుకోలేకపోతే అన్నే పట్టుకుని తాగించేవాడు. ఇప్పుడు అన్న కుడిచేతి బొటనవేలు ఊరికే కూర్చున్నప్పుడు కదులుతోంది. మేమంతా చూశాం, చూడనట్టే తిరిగాం.

మా సంఘంలో ఆ గిన్నెల పళ్లెం పట్టుకుని బెంచీల వెంట నడిచేది అన్న. ఆ నెల ప్రభువు బల్ల ఇచ్చే ఆదివారం నాడు పళ్లేన్ని ఇంకొక సంఘపెద్ద చేతికిచ్చి, వెళ్లి వెనక కూర్చున్నాడు.

నాకు అప్పటినుంచి మనసు నిలవలేదు. తప్పు బండిదా, చేతులదా? ఒక ఉదయం నేనే నడిపి చూశాను. వణకని నా చేతుల్లోనూ బండి అలాగే తిరిగింది. పరుగున వచ్చి చెప్పాను.

"నీకు గా బండి అలవాటు లేదు చెల్లె" అని అన్న కొట్టిపారేశాడు.

సరే, అలవాటున్న వాళ్లకే చూపిద్దామని తిరగడం మొదలుపెట్టాను. చక్రాల అలైన్‌మెంట్ చూసేవాళ్లు సరిగ్గా ఉందన్నారు. టైర్ల వాళ్లు గాలి సమంగా ఉందన్నారు. ఇంకో చోట మళ్లీ అలైన్‌మెంటే చూశారు. చివరికి బోధన్ రోడ్డులో మాకు చాలా కాలంగా తెలిసిన మెకానిక్ భాయ్ దగ్గరికి పోయాను.

"ఏమైతున్నదక్కా?"

"గుంజుతున్నది భాయ్."

ఆయన బండి తీసుకుపోయి తిరిగొచ్చి నవ్వాడు. "గుంజుతలేదక్కా. గుంజుడంటె ఒకటే దిక్కు పోవాలె. ఇది తాగినోని లెక్క ఎటువడితె అటు పోతున్నది. మీ చర్చిల తాగొద్దంటరు గద, దీనికి చెప్పలేదా?"

అప్పుడు తెలిసింది. ప్రతి చోటా నేను "గుంజుతున్నది" అన్నాను. ఆ మాట విని ప్రతివాళ్లూ ముందు చక్రాలను ఒక పక్కకు లాగే తప్పు కోసమే వెతికారు. భాయ్ అలా కాకుండా స్టీరింగ్ కీళ్లు ఊపి చూశాడు, బేరింగులు చూశాడు, ముందు భాగంలోని రబ్బరు బుష్‌లు చూశాడు. అన్నీ బాగున్నాయి.

"నాకు దొరుకుతలేదక్కా" అన్నాడు చివరికి.

ఇంటికొచ్చాను. అన్న నా మొహం చూసే, "చెప్పిన గద" అన్నాడు. ఆ శుక్రవారం ఉపవాస ప్రార్థనలో మిగతావాళ్లు ఆరోగ్యం కోసం, పంట కోసం అడుగుతుంటే, నేను మాత్రం బండిలో తప్పు చూపించమని దేవుణ్ని అడిగాను.

తరువాతి వారం బోధన్‌లో మూడు రోజుల కూడికలు. సామాను పంపాల్సిన ఉదయమే ట్రాలీ ఆటో మొరాయించింది. గత్యంతరం లేక స్పీకర్లు, బ్యాటరీ పాత రోజుల్లోలాగే ఎర్ర బండికెక్కించాం. నేను స్టీరింగ్ పట్టాను. అన్న పక్కన కూర్చుని కిటికీలోంచి చూస్తున్నాడు. చెరుకు ట్రాక్టర్లను దాటి, ఖాళీ రోడ్డు దొరికాక వేగం పెంచాను. చేతులు బిగబట్టి కాచుకున్నాను. బండి పక్కకు జరగలేదు. సూటిగా పోతోంది.

"అన్నా, చూస్తున్నవా? నేనేం సర్దుతలేను."

"ఇయ్యాల రోడ్డు మంచిగున్నది" అన్నాడు ఇటు తిరగకుండానే.

బోధన్‌లో సామాను దింపి, మధ్యాహ్నానికే తిరిగి బయల్దేరాం. అదే రోడ్డు. ఎడపల్లి దాటి వేగం పెంచగానే బండి ఎడమకు జరిగింది. సర్దాను. కుడికి జరిగింది.

"ఆపు" అన్నాడు అన్న.

దిగి రోడ్డు దాటి అవతలి గట్టు మీద నిలబడి బండిని పక్కనుంచి చూశాడు. వెనక లేచి ఉంది, ముందు వంగి ఉంది.

"మోకాళ్లూనిన బండి" అన్నాను.

"ఏం మోకాళ్లు చెల్లె! రబ్బర్లు!" అని నెత్తి కొట్టుకున్నాడు. "స్పీకర్ డబ్బాల బరువుకు ఎనక కుంగుతున్నదని స్ప్రింగులల్ల రబ్బర్లు పెట్టిచ్చిన. బరువు పోయింది, రబ్బర్లు గట్లనే ఉన్నయి. నేనే మర్చిపోయిన."

నాకు అర్థం కాలేదని గ్రహించి సైకిల్ సంగతి చెప్పాడు. "సైకిల్ ముందటి కడ్డీలు నిటారుగ ఉంటయా? జర ఎనకకు ఒరిగి ఉంటయి. గందుకే చేతులు ఇడిసినా సీదా పోతది. కార్ల ముందు చక్రాలకు గూడ గసొంటి ఒరుగుడే ఉంటది. ఎనక లేసి ముందు వంగితే గది తగ్గుతది. ఇగ చక్రం సీదా ఉండుడు మరుస్తది."

నేరుగా భాయ్ దగ్గరికే పోయాం. ఆయన వెనక చక్రాలు విప్పి, స్ప్రింగుల మధ్య నుంచి నల్లటి రబ్బరు ముద్దలు పీకి అన్న చేతిలో పెట్టాడు.

"అందరం ముందటనే చూస్తిమి అన్నా. మొక్కేటోని ఎనక ఎవడు చూస్తడు?" అని నవ్వాడు. బండిని నేలకు దించితే తల ఎత్తి నిలబడింది. నా వినయం పాఠం అక్కడితో సరి.

మరునాడు పొద్దున్నే హైవే ఎక్కాం. ఈసారి మేకు నుంచి తాళం చెవి తీసింది అన్నే. డిచ్‌పల్లి దాటాక వేళ్లు ఆనీ ఆననట్టు ఉంచి వేగం పెంచాడు. ఎర్ర బండి గీత గీసినట్టు పోయింది. నేను గట్టిగా స్తోత్రం చెప్పి చప్పట్లు కొట్టాను. ఎన్నో నెలల తరువాత అన్న పళ్లు కనబడేలా నవ్వాడు.

నవ్వుతూనే కుడిచేయి తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. బొటనవేలు కదులుతూనే ఉంది. నేను చటుక్కున కిటికీ వైపు తిరిగాను.

"చూసినవు గద" అన్నాడు.

"చూసిన."

"బండి సంగతి తేలింది చెల్లె. ఇగ నా సంగతి తేలాలె. వచ్చే వారం పట్నం డాక్టర్ దగ్గరికి పోత. నేనే నడుపుకుంట పోత."

బండిలో తప్పు దొరికితే చేతుల్లో ఏమీ లేనట్టేనని అన్నాళ్లూ నాకు నేనే చెప్పుకున్నాను. దేవుడు నాకు అలాంటి మాటేమీ ఇవ్వలేదు. నేనడిగిన దానికి మాత్రమే జవాబిచ్చాడు. మిగిలింది ఇప్పుడు అడుగుతున్నాను, కూర్చున్నా నిలబడ్డా అదే అడుగుతున్నాను. ఆ వారం ఇంకా రాలేదు.

మీరు ఏ సంఘానికి పోయేవారైనా, ఎక్కడికీ పోనివారైనా, ఈ పేజీ మూసేముందు ఒక్క నిమిషం నాతో కలవండి. తండ్రీ, మా అన్న చేతులు నీవి. వాటిలో ఏముందో మాకు తెలియనియ్యి, తెలిశాక భయపడకుండా నిలబెట్టు. గిన్నెల పళ్లెం మళ్లీ ఆ చేతులకే ఇవ్వు. గిన్నెలు కొంచెం గలగలమన్నా మేమేమీ అనుకోం. ఆమెన్ అనండి.